12 అంగుళాల ప్లానర్ మిషన్‌తో తొమ్మిదేళ్లు

గుమ్మాలు, కిటికీలు చేసే మా చిన్న షాపులో ఈ ప్లానర్ తొమ్మిదేళ్లుగా రోజూ తిరుగుతోంది. ముందొకటి వెనకొకటి పోత ఇనుము బల్లలు, 12 అంగుళాల వెడల్పు, బల్లల మధ్య తిరిగే రోలర్‌కి మూడు బ్లేడ్లు, 2 హార్స్‌పవర్ మోటారు. చేత్తో చిత్రిక పడితే పూటంతా పట్టే గుమ్మం చెక్కలు దీని మీద అరగంటలో మట్టానికి వస్తాయి. బేరింగులు ఒకసారి, బెల్టులు రెండుసార్లు మార్చాను, అంతే. పనితనంలో వంక పెట్టలేను.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. కొన్న రోజున దీనికి గార్డు, అంటే చెయ్యి బ్లేడ్లకి తగలకుండా కాపాడే అడ్డు, లేదు. అడిగితే అమ్మినవాళ్లు, "అది పనికి అడ్డమండీ, ఎవరూ పెట్టుకోరు" అన్నారు. నేనూ నమ్మాను.

రెండో ఏడు, ఓ సాయంత్రం. 8 అంగుళాల టేకు ముక్క. అడుగు కన్నా పొట్టి ముక్కను ప్లానర్ మీద పెట్టకూడదని తెలిసి కూడా, ఒక్కటే కదా అని పెట్టాను. సగం బాగానే వెళ్లింది. ముడి దగ్గర బ్లేడ్ తగులుకుని ముక్క వెనక్కి ఎగిరింది. దాన్ని నొక్కి పట్టిన ఎడమ చెయ్యి అక్కడే కిందికి దిగింది. మధ్యవేలి కొస గోరుతో సహా పోయింది. పొట్టులో ఎర్రటి చుక్కలు కనిపించేదాకా నొప్పి కూడా తెలియలేదు. తెగిన వేలిని కొన్నిసార్లు అతికించగలరు. ప్లానర్ మాత్రం తురిమేస్తుంది, కుట్టడానికి ఏమీ మిగలదు.

ఆ తర్వాత వెల్డింగ్ షాపులో గార్డు చేయించాను. బ్లేడ్ల మీదుగా వంతెనలా ఉండే అల్యూమినియం పట్టీ. ఎత్తు మార్చుకోవచ్చు, పక్కకీ జరపొచ్చు. వెడల్పు వైపు పట్టేటప్పుడు చెక్క పట్టీ కింద నుంచి పోతుంది, చేతులు పైనుంచి దాటతాయి. అంచు పట్టేటప్పుడు చెక్క మందం మేరకే సందు వదులుతాను. చెక్కను పక్క నుంచి ఆనించే నిలువు పలక (ఫెన్స్) వెనక తెరిచి ఉండే బ్లేడ్లను చాలామంది పట్టించుకోరు. అక్కడా రేకు మూత వేశాను. ఈ తరహా గార్డు ఉండాలని ఫ్యాక్టరీల నిబంధనల్లోనే ఉంది. మాలాంటి చిన్న షాపుల్లో అడిగేవాళ్లు లేరు.

చెక్కను నేరుగా చేత్తో కాకుండా దీంతో నెట్టేలా తోపుడు చెక్క నేనే చేసుకున్నాను. 18 మి.మీ. ప్లైవుడ్, పైన పిడి, వెనక కొసన చెక్కను తన్నిపట్టే చిన్న మెట్టు. కింద పాత హవాయి చెప్పు అడుగు అతికించాను, అస్సలు జారదు. రెండు చేతులకీ రెండు ఉండాలి.

బ్లేడ్లు దాటాక చెక్క ఎక్కే వెనక బల్ల ఎత్తు సరిగ్గా లేకపోయినా ప్రమాదమే. బల్ల బ్లేడ్ కన్నా ఎత్తుగా ఉంటే చెక్క దాని అంచుకి తగిలి ఆగుతుంది, మనం ఇంకాస్త బలంగా నెడతాం. నేను ప్లగ్ పీకేసి, చెక్క స్కేలును వెనక బల్ల మీంచి బ్లేడ్ల మీదికి చాచి, రోలర్‌ను చేత్తో తిప్పుతాను. స్కేలు రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. మూడు బ్లేడ్లూ స్కేలును ఒకేలా జరపాలి.

ఒక్కసారికి 1 మి.మీ. మించి తియ్యను, ముడులున్న టేకుకి అర మిల్లీమీటరే. నార ఎటు వాలిందో చూసుకుని పెడతాను, ఎదురు పడితే పెచ్చులు లేస్తాయి. పాత ఇంటి టేకు అయితే ముందు అయస్కాంతం పెట్టి మేకులు వెతుకుతాను. చేతి తొడుగులు, మెడలో తువ్వాలు ఈ మిషన్ దగ్గర వద్దే వద్దు.

కొనేవాళ్లు డబ్బు కట్టే ముందు గార్డు బిగించి చూపించమనండి. సెకండ్‌హ్యాండ్‌లో రోలర్ గుండ్రంగా కాక చదరంగా కనిపిస్తే ఎంత చవకైనా వదిలెయ్యండి. దానికీ బల్లకీ మధ్య వేలు దూరేంత సందు ఉంటుంది.

మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడు మొదటి రెండు రోజులూ ప్లగ్ పెట్టని మిషన్ మీదే చెక్క తోస్తాడు. చెయ్యి బ్లేడ్ల మీదికి వచ్చిన ప్రతిసారీ "ఆగు నాన్నా" అంటాను. ఆ మాట అవసరం లేకుండా ఒక పూట గడిచాకే స్విచ్ వేస్తాం.