పద్మిని ముందు ఆర్మ్‌లకు రబ్బరు బుష్‌లా, పాలీ బుష్‌లా? రెండూ వాడి చూశాక

ప్రీమియర్ పద్మిని కారులో ముందు చక్రాలను బండికి కలిపే ఆర్మ్‌ల కీళ్లలో రెండు రకాల బుష్‌లూ (రబ్బరువి, పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వి) వేసి చాలాకాలం నడిపాక నేను చెప్పేది ఇదీ: మామూలు రబ్బరు బుష్‌లే (సైలెంట్ బ్లాకులే) మేలు. కాకపోతే వాటిని బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించాలి. ఈ ఒక్క పని తప్పితే ఎంత మంచి బుష్ వేసినా ఏడాది తిరక్కుండానే ముందు నుంచి టకటకలు మొదలవుతాయి.

కారణం బుష్ తయారీలోనే ఉంది. లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒకటి, రెండింటినీ అతుక్కుని మధ్యలో రబ్బరు. నట్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా పట్టేస్తుంది. ఇక ఆర్మ్ ఎంత ఊగినా ఆ రబ్బరు మెలితిరగాల్సిందే, అందులో జారేది ఏదీ లేదు. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించిన క్షణం నుంచే రబ్బరు మెలిపడి ఉంటుంది. పార్కింగ్‌లో నిలబడి ఉన్నా ఆ మెలిక వదలదు. మన కాలనీ స్పీడ్ బ్రేకర్లు ఎక్కిన ప్రతిసారీ దాని మీద ఇంకొంత పడుతుంది. మొదట ముందు భాగం కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. ఆ తర్వాత గొట్టం అంచున సన్నటి చీలిక, వేలితో రుద్దితే నల్లటి పొడి. అది చూసి చాలామంది సరుకు నాసిరకమనుకుంటారు. నిజానికి లిఫ్ట్ మీద వేలాడదీసి బిగించడమే ఎక్కువసార్లు అసలు కారణం.

కాబట్టి లిఫ్ట్ మీద నట్లు చేత్తో తిరిగేంత వరకే వేయించండి. చక్రాలు తొడిగి, బండి దించి, రెండు మూడు మీటర్లు ముందుకూ వెనక్కూ తోసి, బానెట్ అంచు పట్టి నాలుగైదుసార్లు గట్టిగా ఊపండి. జాకీ మీద లోపలికి ముడుచుకున్న చక్రాలు అప్పుడే తమ చోటికి వస్తాయి. ముందు సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, పిట్ ఉన్న అలైన్‌మెంట్ షాపులో కింది నుంచి బిగించాలి. నట్టు ఎంత గట్టిగా బిగిసిందో కొలిచే టార్క్ రెంచ్ తప్పనిసరి. బిగింపు అంకె మాన్యువల్‌లో చూసుకోండి. పాత నట్లు, లాక్ వాషర్లు, కాటర్ పిన్నులు మళ్లీ వాడొద్దు.

ఒక్కో ఆర్మ్‌కు రెండు చొప్పున మొత్తం ఎనిమిది బుష్‌లు. అరిగిన నాలుగే మార్చి మిగతావి వదిలేస్తే బండి ఒక పక్కకు లాగవచ్చు, అన్నీ ఒకేసారి మార్చండి. హైదరాబాద్‌లో పుత్లీబౌలీలోనో రాణీగంజ్‌లోనో కొనేటప్పుడు గోటితో రబ్బరును నొక్కి చూడండి. గుంట పడి వెంటనే తేరుకోవాలి. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న సరుకైతే గోరు దిగదు, అంచు వంచితే వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. డబ్బా కొత్తగా మెరుస్తున్నా అది తీసుకోవద్దు.

పాతవి తీయడంలో గ్యాస్ మంట వాడకం మన దగ్గర ఎక్కువ. వద్దు, పొగ ప్రమాదం, ఆర్మ్ లోహమూ దెబ్బతింటుంది. రబ్బరును డ్రిల్‌తో తీసేసి, బయటి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో నిలువునా కోస్తే లోపలికి ముడుచుకుని వచ్చేస్తుంది. రంధ్రం తుప్పును ఎమరీతో తుడిచి, కొత్తదాన్ని ప్రెస్ మీదే దించాలి, సుత్తితో కాదు. ప్రెస్ కింద ఆర్మ్ చెవులు వంగకుండా మధ్యలో సరైన కొలత పైపు ముక్క పెట్టాలి. జారడానికి సబ్బు నీళ్లు చాలు. గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

స్ప్రింగ్ విషయంలో మాత్రం ఏ అజాగ్రత్తా పనికిరాదు. స్ప్రింగ్ ఎగిరిపోకుండా నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా కింది ఆర్మ్ వదిలించకండి. కంప్రెసర్‌తో పాటు ఆర్మ్ కింద జాకీ, స్ప్రింగ్‌కు గొలుసు కూడా ఉండాలి. ఆర్మ్ ఊగే ఇరుసు (పివట్ షాఫ్ట్) వెనక ఉన్న షిమ్‌లను, అంటే పలుచటి రేకులను, ముందువి ఒక దారానికి, వెనకవి ఇంకో దారానికి కట్టి, ఎటువైపువో రాసి పెట్టుకోండి. రెండు చోట్లా సమానంగా తగ్గితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) మారుతుంది, ఒకచోటే తగ్గితే క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలు) కూడా మారుతుంది.

ఇక పాలీయురేథేన్. బాలానగర్ లేత్ షాపుల్లో కడ్డీ నుంచి తిప్పించుకోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ చక్కగా పట్టుకుంటుంది, బ్రేకు వేస్తే ముక్కు తక్కువగా ఊగుతుంది. అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఇది రబ్బరులా మెలితిరగదు, గొట్టం మీద జారుతుంది. అందుకే సిలికాన్ గ్రీజు కావాలి. వానాకాలంలో అండర్‌పాస్ నీళ్లలో రెండుసార్లు దిగితే ఆ గ్రీజు పోయి కీచుమంటుంది. మళ్లీ విప్పితే తప్ప ఆ కీచు ఆగదు. గతుకుల దెబ్బ నేరుగా బాడీకి తగులుతుంది. గంటకు అరవై కిలోమీటర్లు దాటి పరుగెత్తే పనిలేని 1089 సీసీ బండికి ఈ గట్టిదనం దేనికి? మలుపుల్లో బండి ఎక్కువ వాలకుండా ఆపే యాంటీ రోల్ బార్ బుష్‌లకు మాత్రం పాలీ వేయండి, అక్కడ నాకు ఏ ఫిర్యాదూ లేదు.

బుష్‌లు ఎంత కొత్తవైనా, స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు, అంటే కింగ్ పిన్, అరిగి ఉంటే లాభం లేదు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపినప్పుడు ఆట (వదులు) ఉంటే ముందు వీల్ బేరింగా, కింగ్ పిన్నా తేల్చుకోండి. బ్రేకు నొక్కి పట్టినా ఆట పోకపోతే కింగ్ పిన్నే. కింగ్ పిన్‌కు గ్రీజు గన్ కొట్టేటప్పుడు చక్రాలు నేలకు ఆనకూడదు, బరువు మీద ఉంటే గ్రీజు ఒక పక్కకే చేరుతుంది. రెండు వేల కిలోమీటర్లకోసారి, నీళ్లలో దిగితే ఆ వారమే కొట్టాలి. ఆర్మ్‌లు బిగించాక అలైన్‌మెంట్ ఒకసారి, మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి చేయించండి. రెండోసారి వెళ్లినప్పుడు ఆర్మ్ నట్లకూ టార్క్ రెంచ్ పెట్టి చూడమనండి.