ఆర్‌సింక్‌తో ఏడేళ్లు: రిస్టోర్ ఆగిపోయిన రాత్రి

ఇంట్లో ఫొటోలు, వీడియోలు, పోయిన మా నాన్న గొంతు రికార్డింగులు అన్నీ ఏడేళ్లుగా ఆర్‌సింక్‌తోనే (ఫైళ్లని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కాపీ చేసే ప్రోగ్రాం) ఒక అద్దె సర్వర్‌కి పంపుతున్నాను. రోజూ రాత్రి వేళకి క్రాన్ దాన్ని తనంతట నడుపుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత కనెక్షన్ మీదుగా కొత్త ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. 1996లో వచ్చిన పనిముట్టు ఇంకా ఇంత నమ్మకంగా పనిచేయడం నాకు గొప్పగానే ఉంటుంది. పాత వెర్షన్లు కావాలంటే లింక్-డెస్ట్ అనే ఆప్షన్‌తో మనమే ఏర్పాటు చేసుకోవాలి, అవతలి డిస్క్‌లో ఎన్‌క్రిప్షన్ ఉండదు. అవి తెలిసే వాడుతున్నాను.

పోయిన వేసవిలో ల్యాప్‌టాప్ డిస్క్ పోయింది. కొత్తది వేసి, లినక్స్ ఎక్కించి, అదే కమాండ్ తిరగేసి సర్వర్ నుంచి ఇటు లాగాను. "రిసీవింగ్ ఇంక్రిమెంటల్ ఫైల్ లిస్ట్" అని పడింది. పావుగంట చూసినా ఇంకో లైను లేదు, ఎర్రర్ కూడా లేదు. అమ్మ రెండుసార్లు వచ్చి "మీ నాన్న గొంతు వచ్చిందా?" అని అడిగి వెళ్లింది.

ఆర్‌సింక్ మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే. టైమౌట్ డీఫాల్ట్‌గా సున్నా, అంటే ఎంతసేపైనా ఎదురుచూస్తూనే ఉంటుంది. 60 సెకన్లు పెట్టాకే కోడ్ 30తో, అంటే టైమౌట్ ఎర్రర్‌తో, బయటికొచ్చింది.

లాగిన్ అవుతోంది. చిన్న టెక్స్ట్ ఫైల్ వస్తోంది. ఫొటోల ఫోల్డర్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కొడితే మాత్రం స్క్రీన్ బిగుసుకుపోతోంది. చిన్నవి వచ్చి పెద్దవి ఆగుతున్నాయంటే ముందు ఎంటీయూనే, అంటే ఆ లైనులో పట్టే అతి పెద్ద ప్యాకెట్ సైజునే, అనుమానించాలి. ఇంకో విండోలో సర్వర్‌లోకి వెళ్లి ఎస్ఎస్ కమాండ్‌తో ఆ కనెక్షన్ చూస్తే, సెండ్-క్యూలో (పంపాక ఇంకా అందినట్టు కబురు రాని డేటా) అంకె కదలడం లేదు, రీట్రాన్స్‌మిట్ (మళ్లీ పంపడం) లెక్క పెరుగుతోంది. ల్యాప్‌టాప్ నుంచి బయటి వేరే అడ్రస్‌కి, ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో పింగ్ కొట్టాను. 1472 బైట్లు పోలేదు, 1464 పోయాయి. ప్యాకెట్ ముందుండే హెడర్ల 28 బైట్లు కలిపితే 1492. నా ఇంటర్నెట్ కనెక్షన్ వాడే పీపీపీఓఈ పద్ధతిలో లైను ఎంటీయూ అదే.

అంతకు ఏడాది ముందే ఫైబర్‌కి మారి, పాత మినీ పీసీని లినక్స్ రౌటర్‌గా పెట్టుకున్నాను. అందులో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ రూల్ (కనెక్షన్ మొదట్లోనే అవతలివాళ్లకి లైనులో పట్టే సైజు చెప్పేది) రాయలేదు. దాంతో సర్వర్ 1500 బైట్ల ప్యాకెట్లే పంపింది. దారిలో అవి పట్టక, "పెద్దదైంది, తగ్గించు" అని ఐసీఎంపీ (నెట్‌వర్క్ ఇబ్బందులు చెప్పే ప్రోటోకాల్) కబురు సర్వర్‌కి వెళ్తుంది. సర్వర్ ఫైర్‌వాల్‌లో, భద్రత అనుకుని, ఐసీఎంపీ మొత్తం పారేసే లైను అన్నిటికంటే పైన నేనే రాశాను. కబురు అందక అదే ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంది.

మరి బ్యాకప్ ఎలా నడిచింది? అటు వెళ్లే పెద్ద ప్యాకెట్ల సంగతి ఇంటి రౌటరే ల్యాప్‌టాప్‌కి చెప్తుంది, అది తగ్గించుకుంటుంది. రోజుకి నాలుగైదు కొత్త ఫైళ్లే కాబట్టి సర్వర్ నుంచి వచ్చేవి చిన్న జవాబులు. ఏడాది పాటు లాగ్‌లో ఒక్క ఎర్రరూ లేదు, తిరిగొచ్చే దారి మాత్రం మూసుకుపోయి ఉంది.

సర్వర్‌లో ఆ లైను తీసేసి డెస్టినేషన్ అన్‌రీచబుల్ కబుర్లను ("పెద్దదైంది" అనేది వీటిలోదే) రానిచ్చాను. రౌటర్ ఫార్వర్డ్ చెయిన్‌లో, కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్ల ఎంఎస్ఎస్‌ని దారి ఎంటీయూకి సరిపెట్టే రూల్ కలిపాను. సర్వర్ మీ చేతిలో లేకపోతే ఈ రెండోది చాలు. మరీ తొందరైతే ల్యాప్‌టాప్ ఎంటీయూని 1492కి దించినా కొత్త కనెక్షన్లు నడుస్తాయి. ఆ రాత్రి సర్వర్ నుంచి ముందుగా తెచ్చుకుంది నాన్న రికార్డింగులనే. అమ్మ నిద్రపోకుండా కూర్చుని వింది.

ఆర్‌సింక్ మార్చలేదు, మార్చే ఆలోచనా లేదు. టైమౌట్ మాత్రం స్క్రిప్టులో శాశ్వతంగా ఉంది. నెలకోసారి సర్వర్ నుంచి ఒక ఫైల్ వేరే ఫోల్డర్‌లోకి లాగి, ఫైల్ మారలేదని తేల్చే చెక్‌సమ్ సరిచూస్తాను. అందుకు ఎప్పుడూ పెద్ద వీడియోనే ఎంచుకుంటాను, చిన్న ఫైల్‌తో చూస్తే ఈ లోపం కనపడదు.