టెరాకాపీ, రోబోకాపీ, డీడీరెస్క్యూ: ఎక్స్‌టర్నల్ డిస్క్ మొరాయిస్తే ఏది వాడాలి?

టెరాకాపీ మంచి సాఫ్ట్‌వేరే, అందులో పేచీ లేదు. కాకపోతే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ నుంచి కాపీ ఆగిపోయిందనగానే ఎవరిని అడిగినా "టెరాకాపీ వేసుకోండి" అనేస్తున్నారు. డిస్క్ బాగున్నప్పుడు అది విండోస్ మామూలు కాపీ కంటే నయం. లోపల డేటా ఉండే పళ్లెం (ప్లాటర్) దెబ్బతింటున్నప్పుడు మాత్రం రావాల్సిన ఫైళ్లను కూడా రాకుండా చేయగలదు. విజయనగరం, శ్రీకాకుళం స్టూడియోల్లోనూ ఇళ్లలోనూ ఎక్కువగా ఉండే ఒకటి, రెండు టీబీల పోర్టబుల్ డిస్కులను దృష్టిలో పెట్టుకుని ఈ మూడు సాఫ్ట్‌వేర్లనూ చూద్దాం.

అసలు సాఫ్ట్‌వేర్ దాకా పోయే ముందు కేబుల్ చూడాలి. పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటికి ఉండేది వెడల్పుగా, మధ్యలో నొక్కు ఉన్న మైక్రో బీ 3.0 ప్లగ్గు. అది లూజయ్యే అవకాశం ఉంది. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు మసకబారడం దీనికి తోడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పొట్టి కేబుల్ ఒకటి మార్చి చూడండి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందు పోర్టులో కాకుండా వెనక మదర్‌బోర్డుకే ఉన్న నీలం పోర్టులో పెట్టాలి. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల దాకా ఇస్తుంది, 2.0 ఇచ్చేది 500 మాత్రమే. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఆ 500 సరిపోక డిస్క్ కనెక్షన్ పోతూ వస్తూ ఉండొచ్చు. పవర్ లేని హబ్బు మధ్యలో ఉంటే తీసేయండి.

కేబుల్ తప్పా, డిస్క్ తప్పా అన్నది ఊహించక్కర్లేదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టం లాగ్ తెరిచి 'డిస్క్' అన్న పేరుతో వచ్చిన ఎంట్రీలు చూడండి. 157 నంబరు ఉంటే డిస్క్ ఉన్నట్టుండి ఊడిపోయిందని అర్థం, అంటే అనుమానం కేబుల్ మీద, కరెంటు మీద. 7 నంబరు ఉంటే బ్యాడ్ బ్లాక్, కేబుల్ మార్చి లాభం లేదు. 153 అంటే చదవడానికో రాయడానికో మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. అది రెండు కారణాల వల్లా రావచ్చు. ఎర్రర్ బాక్సులోని కోడ్ చూసినా కొంత తెలుస్తుంది. చివర 80070017 ఉంటే సీఆర్‌సీ తప్పు, చదివిన డేటా సరిపోలడం లేదు. 8007045డి అయితే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్, ముందు కేబుల్ మార్చి చూడాల్సింది ఇక్కడే.

కొన్ని ఎర్రర్లకు డిస్క్ ఆరోగ్యంతో సంబంధమే ఉండదు. పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా "ఫైలు మరీ పెద్దది" అంటే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందన్నమాట. అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దాకానే పడుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో ఆరు నిమిషాలు నిండకముందే ఆ హద్దు దాటేస్తుంది. పెన్‌డ్రైవ్‌లోనివి వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే చాలు.

ఇంకోటి తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టేవాళ్లకు ప్రత్యేకంగా తగిలేది. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు పేరు చివరిదాకా మొత్తం 260 గుర్తులు దాటకూడదు. 'సిరిమానోత్సవం' కంటికి ఆరు అక్షరాలే, గుణింతాలూ ఒత్తులూ సున్నాలూ విడిగా లెక్కేసే విండోస్‌కు 13. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయి, ఆ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదికి లాగితే పేరు పొడవు ఎక్కువైందంటుంది. డీ డ్రైవ్ మొదట్లోనే ఒక్క అక్షరం పేరుతో ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేస్తే చాలాసార్లు గట్టెక్కుతుంది. లినక్స్ డిస్కులకు వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో చిక్కు వేరు: ఒక్కో పేరుకు 255 బైట్లు, తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే 85 గుర్తులతో సరి.

ఇవేవీ కాకపోతే డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసి చూడాలి. ఉచితం, చిన్నది, ఒక్క తెరలో విషయం తేలుతుంది. అందులో 05, సీ5, సీ6 అన్న మూడు వరసలే ముఖ్యం. 05 అంటే పాడై, బదులు సెక్టార్లకు (సెక్టార్ అంటే డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి) మార్చేసినవి. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. సీ6 అంటే సరిదిద్దలేనివి. సీ5 సున్నా దాటి, మళ్లీ చూసేసరికి పెరిగితే ఆ డిస్క్‌ను ఇక నమ్మొద్దు. విలువలు మామూలుగా హెక్స్‌లో (పదికి బదులు 16 చొప్పున లెక్కించే పద్ధతిలో) చూపిస్తుంది కాబట్టి 10 కనిపిస్తే అది 16. సెట్టింగ్ మార్చి దశాంశంలో పెట్టుకోండి. సీ7 వరసను కేబుల్ తప్పుకు గుర్తుగా చెబుతుంటారు. అది డబ్బా లోపల డిస్క్‌ను కలిపే సాటా కనెక్షన్‌లో వచ్చిన తప్పుల లెక్క, బయటి యూఎస్‌బీ కేబుల్ గురించి ఏమీ చెప్పదు.

ఇప్పుడు టెరాకాపీ. ఒక ఫైలు దగ్గర ఎర్రర్ వస్తే దాన్ని వదిలి మిగతావి కాపీ చేసి, చివర్లో ఏవి రాలేదో జాబితా ఇస్తుంది. వెరిఫై పెడితే చెక్‌సమ్ (ఫైలు డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) సరిచూస్తుంది. పెళ్లి ఆల్బం కెమెరా కార్డు నుంచి డిస్క్‌లోకి మార్చి కార్డు ఫార్మాట్ చేసేవాళ్లు వెరిఫై లేకుండా ఆ పని చేయకూడదు. ఉచిత వెర్షన్ సొంత వాడకానికే, స్టూడియోలో వాడాలంటే లైసెన్సు కొనాలి. లోపం ఎక్కడంటే, పాడైన సెక్టార్ తగిలినప్పుడు డిస్క్ తనంతట తానూ, విండోస్ తనంతట తానూ మళ్లీ మళ్లీ చదవబోతాయి, ఆ మొండితనాన్ని టెరాకాపీ ఆపలేదు. పైగా ఫోల్డర్ల వరసలో పోతుంది కాబట్టి, దెబ్బతిన్న చోటనే, డేటా చదివే హెడ్డు గంటల తరబడి రుద్దుకుంటూ ఉంటే అవతల బాగున్న భాగం వంతు రానే రాదు. 05, సీ5, సీ6 మూడూ సున్నా అయితే దీనికి మా ఓటు. లేకపోతే వద్దు.

రోబోకాపీ విండోస్‌లోనే ఉంటుంది, కమాండ్ టైప్ చేసి వాడాలి, పొడవాటి పేర్లకు జడవదు. దాని డిఫాల్ట్ మాత్రం విచిత్రం: రాని ఫైలు కోసం 10 లక్షల సార్లు, ప్రతిసారికీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. లెక్కేస్తే ఒక్క ఫైలుకు 347 రోజులు. అందుకని మూలం, గమ్యం రాశాక స్లాష్ ఈ (లోపలి ఫోల్డర్లన్నీ), స్లాష్ ఆర్ కోలన్ 1 (ఒక్కసారే మళ్లీ ప్రయత్నం), స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 (ఒక్క సెకను ఆగడం) తప్పనిసరి. స్లాష్ లాగ్ కోలన్ పెట్టి ఫైలు పేరిస్తే రానివన్నీ అందులో రాసుకుంటుంది. డ్రైవ్ మొదటి స్థాయి (రూట్) నుంచి మొత్తం కాపీ చేస్తే గమ్యం ఫోల్డర్ కనిపించకుండా పోవచ్చు. కంగారు పడక్కర్లేదు, హిడెన్, సిస్టం గుర్తులు అంటుకున్నాయంతే. కమాండ్‌లో స్లాష్ ఏ మైనస్ కోలన్ ఎస్‌హెచ్ చేరిస్తే ఆ బాధ ఉండదు. స్లాష్ ఎంఐఆర్ జోలికి మాత్రం పోకండి, మూలంలో లేనివాటిని గమ్యంలోంచి చెరిపేస్తుంది.

సీ5 పెరుగుతున్న డిస్క్‌కు ఈ మూడింట్లో లినక్స్‌లో నడిచే డీడీరెస్క్యూ ఒక్కటే సరైనది. ఫైళ్ల సంగతి పట్టించుకోకుండా డిస్క్‌ను సెక్టార్లుగా చూస్తుంది. చదవడానికి ఇబ్బంది పెట్టే చోటును దాటి ముందుకు దూకి, తేలిగ్గా వచ్చేదంతా ముందు తెచ్చుకుని, మొండి చోట్లకు తర్వాత తిరిగొస్తుంది. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఉన్న పెన్‌డ్రైవ్‌తో సిస్టం ఆన్ చేసి జీడీడీరెస్క్యూ అన్న ప్యాకేజీ వేయాలి, కమాండ్ పేరు మాత్రం డీడీరెస్క్యూనే. మొదటి విడత మైనస్ డీ, మైనస్ ఎన్‌తో, తర్వాత డిస్క్ ఇంకా ఓపిక చూపిస్తే మైనస్ డీ, మైనస్ ఆర్ 3తో. రెండుసార్లూ అదే ఇమేజ్ ఫైలు (డిస్క్ మొత్తం నకలు పడే ఫైలు), అదే మ్యాప్ ఫైలు (ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదు అని రాసుకునేది) ఇవ్వాలి. ఆ మ్యాప్ ఫైలే దీని ప్రాణం. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ మాయమైనా, మళ్లీ పెట్టి అదే కమాండ్ కొడితే ఆగినచోటి నుంచి సాగుతుంది. మ్యాప్‌ను లైవ్ పెన్‌డ్రైవ్ మెమరీలో ఉంచితే రీస్టార్ట్‌తో పోతుంది, ఇమేజ్ పక్కనే పెట్టండి.

దీని కష్టాలూ తక్కువేం కాదు. రెండు టీబీ డిస్క్‌లో 300 జీబీయే నిండినా, ఇమేజ్ కోసం రెండు టీబీ ఖాళీ సిద్ధం చేసుకోవాలి. సెకనుకు 100 ఎంబీ చొప్పున ఏ ఆటంకం లేకుండా పోయినా ఐదున్నర గంటలు, యూఎస్‌బీ 2.0 పోర్టులో అయితే 16 గంటల పైమాటే. కమాండ్‌లో మూలం, గమ్యం తారుమారైతే ఉన్నది కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. డిస్కుల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి సైజునూ మోడల్‌నూ చూసి మరీ రాయాలి. అయ్యాక ఉబుంటులో డిస్క్ ఇమేజ్ మౌంటర్‌తో రీడ్ ఓన్లీగా తెరిచి ఫైళ్లు తీసుకోవచ్చు. ఏ ఫైలు దెబ్బతిందో అది నేరుగా చెప్పదు. సగం బూడిదరంగు ఫొటోలు, చోట్ల చోట్ల చెదిరిన వీడియోలు కంటితో చూసి ఏరుకోవాల్సిందే.

విండోస్‌లోని డిస్క్ రిపేరు కమాండ్ చెక్‌డిస్క్ స్లాష్ ఆర్‌ను ఇమేజ్ తీయకముందు నడపొద్దు. అది ఫైల్ సిస్టంను సరిచేయడానికి ఉన్న డిస్క్ మీదే రాస్తుంది, పైగా ప్రతి సెక్టారూ చదువుతుంది. మొత్తం డిస్క్ చదివే బలం దానికి ఒక్కసారే మిగిలి ఉంటే, ఆ ఒక్కసారీ కాపీకి వాడుకోవాలి. టిక్కు టిక్కుమని కొట్టుకుంటున్నా, అసలు తిరగకపోయినా ఏ సాఫ్ట్‌వేరూ వద్దు, ప్లగ్గు పీకేయండి. మూత విప్పి చూస్తామనే షాపుకు ఇవ్వకండి, హెడ్డుకూ ప్లాటర్‌కూ మధ్య ఎడం నానోమీటర్లలో ఉంటుంది, దుమ్ము కణం చాలు గీత పడడానికి. విశాఖకో హైదరాబాద్‌కో పంపుతామంటే క్లీన్ రూమ్ (దుమ్ములేని గది) ఉందా, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు అన్న రెండూ రాతపూర్వకంగా అడగండి. వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ లాంటి చాలావాటిలో పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటా డిస్క్ సర్క్యూట్ బోర్డులోనే ఎన్‌క్రిప్ట్ (తాళం వేసినట్టు మార్చడం) అవుతుంది కాబట్టి పాత బోర్డును పారేయనివ్వకండి. వారంటీ ఉందని డిస్క్‌ను కంపెనీకి పంపేస్తే కొత్తది వస్తుంది, పాతదానిలోని ఫైళ్లు రావు. ఇమేజ్ పూర్తయ్యాకే వారంటీ క్లెయిమ్ పెట్టండి.