లండన్, పారిస్‌లలో సైన్సు గుళ్లు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

లండన్, పారిస్ అనగానే టూర్ ప్యాకేజీల వాళ్లు చూపించే లిస్టు ఎప్పుడూ ఒకటే: బిగ్ బెన్, లండన్ ఐ, ఈఫిల్ టవర్, డిస్నీల్యాండ్. మా ఆవిడ ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తుంది, నాకేమో చరిత్ర పిచ్చి. అందుకని వేరే లిస్టు వేసుకున్నాం. చర్చి పట్టు సడలుతున్న కాలంలో ఈ రెండు ఊళ్లవాళ్లు సైన్సును ఎంతగా నమ్మారో, ఆ నమ్మకంతో ఏమేం కట్టారో చూసి రావాలని. తిరిగొచ్చాక నాకు నిలిచిన అభిప్రాయం ఇది: వీళ్లు పూజ మానలేదు, మూలవిరాట్టును మార్చారు. మండపం, సమాధి, పండగల క్యాలెండరు అన్నీ పాతవే.

ముందు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే పెద్ద చర్చి. టికెట్ మనిషికి 30 పౌండ్ల దాకా పడుతుంది, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే క్యూ తగ్గుతుంది. ఆదివారం ప్రార్థనలకే, టూరిస్టులను రానివ్వరు. రాజుల సమాధుల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు, అక్కడ టైము పోగొట్టుకోకండి. నేరుగా న్యూటన్ దగ్గరికి వెళ్లండి. పాలరాతి న్యూటన్ పుస్తకాల దొంతర మీద మోచెయ్యి ఆనించి దర్జాగా ఒరిగి ఉంటాడు, పైన ఖగోళం. 1727లో ఆయన పోయినప్పుడు ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఇంగ్లండ్‌లోనే ఉన్నాడు. ఒక లెక్కల మనిషిని రాజులా సాగనంపిన దేశం అని తర్వాత ఆశ్చర్యపోతూ రాశాడు. దగ్గర్లోనే 1882లో డార్విన్‌ను పెట్టారు. దేవుడి మీద నమ్మకం పోగొట్టుకున్న మనిషికి అంతపెద్ద చర్చిలో చోటు! వాళ్లిద్దరి మధ్యలో 2018 నుంచి బ్లాక్ హోల్స్ సైంటిస్టు స్టీఫెన్ హాకింగ్ అస్థికలు. ఆ నల్లరాతి మీద సుడులు తిరిగే గీతలు, వాటి మీదుగా ఒక సమీకరణం చెక్కి ఉంది. బ్లాక్ హోల్ ఉష్ణోగ్రత లెక్క అది. జనం దాన్ని తొక్కుకుంటూ పోతున్నారు. మా ఆవిడ మాత్రం పక్కన ఆగి, ఒక్కో అక్షరం దేనికి గుర్తో నాకు పాఠం చెప్పింది. డబ్బులు గిట్టినట్టే అని నా లెక్క. ఖర్చు వద్దనుకుంటే సాయంత్రం ప్రార్థనకు ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు, కానీ సమాధుల మధ్య తిరగనివ్వరు.

సౌత్ కెన్సింగ్టన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉచితం. ఆ పేట మొత్తానికీ ఒక కథ ఉంది. 1851లో క్రిస్టల్ ప్యాలెస్‌లో యంత్రాల మహా ప్రదర్శన పెడితే 60 లక్షల సందర్శనలు జరిగాయి. మిగిలిన లాభంతో ఇక్కడ స్థలాలు కొన్నారు. మ్యూజియంలు, ఇంపీరియల్ కాలేజీ ఆ నేల మీదే లేచాయి. ఇక ఈ మ్యూజియం చూడటానికి అచ్చంగా పెద్ద చర్చే: గుండ్రటి కమాన్లు, జంట గోపురాలు, మధ్యలో పొడవాటి హాలు. 1881లో తెరిచారు. దీని కోసం పట్టుబట్టిన జంతుశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్, డార్విన్ సిద్ధాంతాన్ని ఒప్పుకోని మనిషి. గోడల నిండా కాల్చిన మట్టితో చేసిన జంతువులు ఉంటాయి. ఓవెన్ కోరిక మేరకు బతికున్న జాతుల్ని పడమటి వైపు, అంతరించిపోయినవాటిని తూర్పు వైపు పెట్టారు. రెంటికీ చుట్టరికం కలపకుండా అన్నమాట. చర్చిలో బలిపీఠం ఉండాల్సిన చోట, మెట్ల మీద, ఒకప్పుడు ఓవెన్ విగ్రహం ఉండేది. 2009 నుంచి అక్కడ డార్విన్ కూర్చున్నాడు. తలెత్తితే 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం. స్కూళ్ల సెలవుల్లో డైనోసార్ల క్యూలో నిలబడితే పూట గడిచిపోతుంది. పొద్దున తెరవగానే వెళ్లండి. క్యాంటీన్ ధరలు చూసి మేం బయట తోటలో కూర్చుని తెచ్చుకున్న చపాతీలు తిన్నాం.

గైడు పుస్తకాలు ఎక్కువగా పట్టించుకోని చోటు ఇంకోటుంది, నాకు లండన్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే. యూనివర్సిటీ కాలేజ్ లండన్ స్టూడెంట్ సెంటర్‌లో, అద్దాల పెట్టెలో, తత్వవేత్త జెరెమీ బెంథామ్ కూర్చుని ఉంటాడు. సొంత అస్థిపంజరం, సొంత బట్టలు, మైనపు తల. అసలు తలను ఎండబెట్టబోతే పాడైంది. చచ్చాక తన శరీరాన్ని కోసి పాఠం చెప్పమని రాసిపెట్టిన మనిషి. 1832లో అలాగే చేశారు. చుట్టూ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటారు, ఆయన్ని ఎవరూ పట్టించుకోరు. టికెట్టు లేదు, క్యూ లేదు.

అదే కాలేజీలో సైన్సు భక్తి ఎంత దూరం పోగలదో కూడా తెలుస్తుంది. మంచి జాతి మనుషుల్నే పెంచాలనే యూజెనిక్స్‌కు 1883లో పేరు పెట్టిన ఫ్రాన్సిస్ గాల్టన్ తన డబ్బును ఈ కాలేజీకే రాసిచ్చాడు. కొలతలు, గ్రాఫులు చూపిస్తే చాలు, మనిషి విలువ కూడా తేలిపోతుందని చదువుకున్నవాళ్లే నమ్మారు. 2020లో గాల్టన్, ఆయన శిష్యుడు పియర్సన్ పేర్లను గదులకు, భవనానికి తీసేశారు, మరుసటి ఏడు కాలేజీ క్షమాపణ చెప్పింది. ఆ రోజుల్లో యూజెనిక్స్‌ను గట్టిగా విమర్శించినవాళ్లలో ఇక్కడే పాఠాలు చెప్పిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. ఆయన 1957లో ఇండియాకు వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. బెంథామ్ లాగే తన శరీరాన్ని వైద్య విద్యార్థులకు రాసిచ్చాడు. ఆ కాలేజీ ఎక్కడుందంటే మన కాకినాడలో, రంగరాయ మెడికల్ కాలేజీ. ఈ సంగతి చెప్తే, కాకినాడలో పుట్టి పెరిగిన మా ఆవిడ నమ్మలేదు.

లండన్‌లో బస మాత్రం కలిసిరాలేదు. యూస్టన్ దగ్గర ఒక చిన్న హోటల్ తీసుకున్నాం, పేరెందుకులెండి. సూట్‌కేసు తెరిస్తే మంచం దిగడానికి చోటుండదు. వేడినీళ్లు పొద్దున ఏడింటికల్లా అయిపోయేవి. అడిగితే సారీ చెప్పడంలో లోటు చెయ్యలేదు. మళ్లీ వెళ్తే ఈస్ట్ హామ్‌లో దిగుతాం. డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే వెస్ట్‌మినిస్టర్‌కీ, సౌత్ కెన్సింగ్టన్‌కీ రైలు మారక్కర్లేదు, రాత్రికి దోసెలూ భోజనమూ దొరుకుతాయి.

పారిస్‌కి యూరోస్టార్‌లో వెళ్లాం, రెండున్నర గంటల లోపే. పాస్‌పోర్ట్ చెకింగ్ లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లోనే అయిపోతుంది. గంటన్నర ముందుంటే టెన్షన్ ఉండదు. యూకే వీసా వేరు, షెంగెన్ వీసా వేరు, రెండూ కావాలి.

బస పాంథియాన్ దగ్గర, ఐదో వార్డులో. ఆరో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్లు గుర్తుపెట్టుకుంటాయి. కానీ ఇల్లు శుభ్రం, వంటగది ఉంది, ఓనరమ్మ కుక్కర్ లేదని ముందే మెసేజ్ పెట్టింది. చూడాల్సినవి సగం నడక దూరంలోనే. ఆ మెట్లను క్షమించేశాం.

పాంథియాన్‌ను జబ్బు తగ్గితే కట్టిస్తానని పదిహేనో లూయీ రాజు మొక్కుకున్నాడు. కట్టడం పూర్తయ్యేసరికి విప్లవం వచ్చింది, 1791లో గుడి కాస్తా దేశం గొప్పవాళ్ల సమాధి మందిరమైంది. తర్వాత వందేళ్ల పాటు ప్రభుత్వం మారినప్పుడల్లా చర్చి, మందిరం, మళ్లీ చర్చి. 1885లో విక్టర్ హ్యూగోను ఇక్కడ పెట్టాక ఆ గొడవ సద్దుమణిగింది. శిలువ మాత్రం ఇప్పటికీ గోపురం మీద ఉంది. 1851లో ఫ్రెంచి సైంటిస్టు ఫూకో ఆ గోపురం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు వేలాడదీసి భూమి తిరుగుతోందని ఊరందరికీ చూపించాడు. ఆ ఏడాది చివర్లో అధికారం మారి, కట్టడం చర్చి చేతికి పోవడంతో లోలకం ఆగిపోయింది. ఇప్పుడు ఊగేది నకలు. గంటకు 11 డిగ్రీల చొప్పున జరుగుతుంది. కాసేపు చూసి వెళ్లిపోతే ఏమీ తెలియదు. ముందు దాని గీత గుర్తుపెట్టుకుని, కింద సమాధులు చూసి, గంట తర్వాత పైకి రండి. పక్కకు జరిగి ఉంటుంది. కింద వోల్టేర్, 1995లో తెచ్చి పెట్టిన మేరీ, పియర్ క్యూరీలు ఉన్నారు. మేరీ శవపేటికకు లోపల సీసం పూత, రేడియోధార్మికత బయటికి రాకుండా.

అక్కణ్ణుంచి నడిచి క్యూరీ మ్యూజియంకి వెళ్లండి. ఉచితం, చిన్నది, మధ్యాహ్నం ఒంటి గంటకు గానీ తెరవరు. ఆవిడ ఆఫీసూ ప్రయోగశాలా రేడియోధార్మికత లేకుండా శుభ్రం చేసి చూపిస్తున్నారు. నన్ను ఆపేసింది మాత్రం ఒక అద్దాల బీరువా. 1930లలో ఫ్రాన్సులో అమ్మిన థో-రేడియా క్రీము, పౌడరు. ముఖం మెరవడానికి రేడియం, థోరియం! ఏ చుట్టరికమూ లేని ఆల్‌ఫ్రెడ్ క్యూరీ అనే డాక్టరు పేరు డబ్బా మీద వేసి అమ్మారు. తీర్థప్రసాదంలా కళ్లకద్దుకున్నారు జనం. నమ్మకం ముదిరితే ఏమవుతుందో తన సొంత బీరువాలోనే పెట్టి చూపించే మ్యూజియం కాబట్టి దీనికి నా మొదటి మార్కు.

పారిస్‌లో ‘మరే’ (Marais) అనే పేట, అందులో రూ పయెన్ అనే సందులో మానవతా మందిరం ఉంది. ఫ్రెంచి తత్వవేత్త ఆగుస్త్ కోంత్ దేవుణ్ణి తీసేసి మానవాళికే మతం పెట్టాడు. 13 నెలల క్యాలెండరు, నెలకు 28 రోజులు. నెలలకు హోమర్, అరిస్టాటిల్, ఆర్కిమెడిస్, గుటెన్‌బర్గ్ లాంటి పేర్లు. ఈ మందిరాన్ని మాత్రం 20వ శతాబ్దం మొదట్లో పెట్టింది బ్రెజిల్ శిష్యులు. ప్రేమ, క్రమం, ప్రగతి అన్నది ఆయన సూత్రం. బ్రెజిల్ జెండా మీదకు వచ్చేసరికి క్రమం, ప్రగతి మాత్రమే మిగిలాయి. మేం వెళ్లిన రోజు తలుపు మూసి ఉంది, బయట నుంచే చూశాం. దీని కోసం ప్రత్యేకంగా రావద్దు, ఆ పేటలో తిరుగుతుంటే ఆగండి.

ఆర్ట్స్ ఎ మెటియే మ్యూజియంలో మఠం చర్చిలోనే యంత్రాలు పెట్టేశారు. 1909లో ఇంగ్లిష్ ఛానల్ దాటిన బ్లెరియో విమానం కమాన్ల కింద వేలాడుతుంది. సోమవారం సెలవు. మెట్రోలో 11వ లైన్‌లో అదే పేరున్న స్టేషన్‌లో దిగండి, ఆ స్టేషన్ రాగి రేకులు తొడిగిన జలాంతర్గామిలా ఉంటుంది.

ఈఫిల్ టవర్ ఎక్కడం నా దృష్టిలో డబ్బు దండగ. కింద నిలబడి మొదటి అంతస్తు దిగువన చుట్టూ రాసిన 72 పేర్లు చదవండి, సైంటిస్టులూ ఇంజినీర్లూ. గుళ్లో దాతల పేర్లలాగా ఉన్నా, వీళ్లు డబ్బిచ్చినవాళ్లు కాదు. ఆ 72లో ఆడపేరు ఒక్కటీ లేదు. లోహాలు ఎలా వంగుతాయో లెక్క కట్టిన సోఫీ జెర్మేన్‌కీ చోటు దొరకలేదు. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి, మధ్యాహ్నం ఎండలో ఇంకా స్పష్టం.

వారం పాస్ తీసుకునేవాళ్లకు ఒక మాట. పారిస్‌లో మెట్రో, బస్సులకు వాడే నవిగో వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. గురువారం దిగి పాస్ తీసుకుంటే నాలుగు రోజులకే అయిపోతుంది, అలాంటప్పుడు విడి టికెట్లే నయం. అన్నం మీదకు మనసు పోతే గార్ దు నార్ స్టేషన్ వెనక లా షాపెల్ వైపు వెళ్లండి, శ్రీలంక తమిళుల హోటళ్లున్నాయి. సాంబారు కొంచెం తియ్యగా ఉంటుంది, పర్వాలేదు.