స్టీలు బాటిల్ మూత మీద నా ఫిర్యాదు: రెండేళ్ల వాడకం తర్వాత

వేడి ఎన్ని గంటలు నిలుస్తుంది, కింద పడితే ఏమవుతుంది అన్నవి నేను రాయను. వేడి నిలుస్తుంది. కింద పడింది, సొట్ట పడింది. నేను రాసేదంతా మూత గురించే. ఇంట్లో ఏ వస్తువునీ ఈ మూతని తిట్టినన్ని తిట్లు తిట్టలేదు.

ముందు ఎందుకు కొన్నానో చెప్పాలి. 2023 వేసవిలో ఆఫీసు క్యాంటీన్లో చపాతీ తింటుంటే పొలమారింది. చిన్నప్పుడైతే అమ్మమ్మ నెత్తిన రెండు తట్లు తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అనేది, దాంతో సరి. ఆ రోజు తట్టేవాళ్లు లేరు గానీ చేతిలో ఫోన్ ఉంది. రాత్రి రెండింటిదాకా వెతికాను. తెల్లారేసరికి నాకు అన్నవాహిక క్యాన్సర్ ఖాయమైపోయింది. పొద్దున ఇడ్లీ దిగలేదు.

అక్కడి నుంచి అన్నీ గుజ్జు చేసుకుని తినడమే. తిండి తగ్గితే బరువు తగ్గదా? ఆరు కిలోలు తగ్గాను. ఆ ఆరు కిలోలే నా భయానికి సాక్ష్యం. ఈఎన్టీ డాక్టర్ ముక్కులోంచి కెమెరా పెట్టి చూశారు. తర్వాత ఎండోస్కోపీ. గొంతులో మత్తు స్ప్రే కొట్టాక గుటక వేస్తే వేసినట్టే తెలియదు. నా భయాన్ని పట్టి చూపించినట్టుంది. రిపోర్ట్ నార్మల్. నాలుగు రోజులు కడుపు నిండా తిన్నాను. ఐదో రోజు మొదలైంది: ఆయన సరిగ్గా చూశారా అసలు?

గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుండే ఈ బాధకి డాక్టర్లు గ్లోబస్ అని పేరు పెట్టారు. ఆదుర్దాకి అన్నవాహిక మొదట్లో ఉండే కండరం బిగుసుకుంటుందట. దానికి తోడు నేను రోజంతా ఉత్తి గుటకలు వేసి పరీక్షించుకునేవాణ్ణి. మీరూ వేసి చూడండి, వరసగా ఐదు. మూడో నాలుగో గుటకకి నోట్లో లాలాజలం ఉండదు, గొంతు మొరాయిస్తుంది. ఏ జబ్బూ లేనివాళ్లకైనా అంతే. అది తెలియక రోజుకి వందసార్లు నా జబ్బుని నేనే రుజువు చేసుకున్నాను.

అలాంటప్పుడు దొరికింది ఈ బాటిల్. ముద్దకో గుక్క గోరువెచ్చని నీళ్లు. దిగింది! దేవుడు దిగొచ్చినట్టే అనిపించింది. చుట్టాలందరికీ చెప్పాను, బావగారికి ఒకటి కొనిచ్చాను కూడా. పెళ్లి పంక్తిలో విస్తరి పక్కన నా బాటిల్ ఉండేది. ఆ పొగడ్తలో ఇప్పుడు సగం వెనక్కి తీసుకోవాలి.

2025 సంక్రాంతికి ఊరెళ్తూ తెల్లవారుజామున సలసల కాగిన నీళ్లు పోసి మూత గట్టిగా బిగించాను. పంతంగి టోల్ గేటు దగ్గరే బస్సు గంటసేపు ఆగింది. కోదాడ దాటాక ఆకలి తట్టుకోలేక పులిహోర డబ్బా తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. మూత తిప్పాను. రాలేదు. లోపలి వేడి గాలి చల్లబడి కుంచించుకుపోతే మూతని లోపలికి లాగి పట్టేస్తుందని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా నోట్లో ముద్ద ఉంది, నీళ్లు లేవు అని. అరచేతులకి చెమట, మూత జారిపోతోంది. కిటికీలోంచి ఊసేద్దామంటే అది ఏసీ బస్సు.

పక్క సీట్లో పెద్దావిడ చూశారు. "ఏం బాబూ, రావట్లేదా? ఇటియ్యి" అని కొంగు చుట్టి మెలితిప్పారు. ఊహూఁ. తిప్పుతూనే "ఏ ఊరు మీది?" అన్నారు.

"మండపేటండీ."

"మండపేటా! మా ఆడపడుచునిచ్చింది అక్కడే కదా. ఏ వీధి?"

వీధి చెప్పాను, సందు చెప్పాను, రైసు మిల్లు గుర్తు చెప్పాను. అప్పుడు వెలిగింది. మండపేట అనాలంటే పెదాలు కలవాలి, నోరు ఖాళీగా ఉండాలి. మరి ముద్దేదీ? మింగిన సంగతే నాకు గుర్తు లేదు.

రోగం కుదిరిందనుకునేరు. రెండో ముద్ద ఎలా దిగుతుందో చూద్దామని కాపలా కూర్చున్నాను, అది అడ్డం తిరిగింది. అప్పుడు "మీ ఆడపడుచు పిల్లలేం చేస్తున్నారండీ?" అని నేనే కదిపాను. ఏలూరు వచ్చేసరికి డబ్బా సగం ఖాళీ. ఆ పిల్లల ఉద్యోగాలన్నీ నాకిప్పటికీ నోటికొచ్చు.

ఇదంతా సైకాలజిస్టు మేడంకి చెబితే నవ్వారు. "ముద్ద దిగిన ప్రతిసారీ ఆ గొప్పంతా బాటిల్ ఖాతాలో జమ చేశారు. మీ గొంతు ఖాతా ఎప్పుడు తెరుస్తారు?" అన్నారు. సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స, ఆ పద్ధతిలో పద్నాలుగు సిట్టింగులు నడిచింది. మొదట నీళ్లు లేకుండా ఒక్క పెరుగన్నం ముద్ద, తర్వాత మూడు, తర్వాత చట్నీ లేని ఇడ్లీ. తినేముందు నోట్‌బుక్‌లో "అడ్డం పడే అవకాశం 90 శాతం" అని రాయడం, తిన్నాక ఏం జరిగిందో దాని పక్కనే రాయడం. నా 90లన్నీ ఎంత అబద్ధాలో ఆ పుస్తకం నిండా ఉన్నాయి. ఉత్తి గుటకలు బంద్, ఫోన్లో వెతకడం బంద్. రెండోది ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతాను. చపాతీ ఇంకా చిన్న ముక్కలుగానే తుంచుకుంటాను.

కొనమంటావా అంటే ఏం చెప్పను? మొదటి ఆరు నెలలు ఈ బాటిల్ లేకపోతే నేను ఆ మాత్రం కూడా తినేవాణ్ణి కాదు. తర్వాత ఏడాది అదే నన్ను కట్టేసింది. పైగా నా పరీక్షలన్నీ బాగున్నాయని తేలాకే ఈ ప్రయోగాలు చేశాను. ముద్ద నిజంగా ఆగిపోతున్నా, మొదట గట్టివి, పోనుపోను మెత్తనివీ దిగకపోతున్నా, నెత్తురు కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి, నా కథ పక్కన పెట్టండి. సిట్టింగులకి డబ్బు కట్టే జీతం నాకుంది, అది లేనివాళ్లకి టెలీ మానస్ 14416 ఉంది, మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఒక అర్ధరాత్రి నేనూ చేశాను.

బాటిల్ ఇప్పుడు కంచం పక్కన ఉండట్లేదు, సంచిలో ఉంటోంది. మూత మాత్రం ఈమధ్య కూడా రెండుసార్లు బిగుసుకుంది. బావగారి బాటిల్‌కి ఆ బాధ లేదట, ఆయన చల్లనీళ్లే పోస్తారు.