ఆర్టిసునేట్ ఇంజెక్షన్: మెదడుకెక్కిన మలేరియాలో దీని పనితీరు

తీవ్ర మలేరియాకు సిరలోకి ఇచ్చే ఆర్టిసునేట్‌ను జ్వరం ఎంత త్వరగా దిగిందన్న లెక్కతో తూచడం సరికాదు. మలేరియా మెదడును ఏ దారిన దెబ్బతీస్తుందో తెలిస్తేనే ఈ మందు ఏ మలుపులో అడ్డుపడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో అర్థమవుతుంది.

తీవ్ర మలేరియా తెచ్చే పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపరం మెదడు కణజాలంలోకి చొరబడదు. రక్తనాళం దాటకుండా, ఎర్ర రక్తకణం లోపలే ఉండి మనిషిని కోమాలోకి నెడుతుంది. తన 48 గంటల చక్రంలో దాదాపు మొదటి సగం అది ఉంగరం ఆకారంలో రక్తంతో పాటు తిరుగుతుంది. ఆ తర్వాత ఎదుగుతూ, తానున్న కణం పైపొర మీద సన్నని బుడిపెలు లేపి, వాటిపై పీఎఫ్‌ఈఎంపీ1 అనే ప్రొటీన్‌ను నిలుపుతుంది. ఈ ప్రొటీన్ నాళాల లోపలి పొరపై ఉండే ఐకామ్-1, ఈపీసీఆర్ వంటి గ్రాహకాలను పట్టుకోవడంతో కణాలు అక్కడే అతుక్కుపోయి, మెదడులోని అతి సన్నని నాళాల్లో రక్తప్రవాహానికి అడ్డుపడతాయి. ఆక్సిజన్ అందడం తగ్గుతుంది, నాళాల గోడలు దెబ్బతిని ద్రవం బయటికి ఊరుతుంది, ముఖ్యంగా పిల్లల్లో మెదడు వాస్తుంది. వాపు ముదిరితే ఊపిరిని నడిపే మెదడు కాండం నలుగుతుంది. అతుక్కున్న కణాలు వేలి నుంచి తీసిన రక్తంలో కనిపించవు కాబట్టి, స్లైడ్‌లో పరాన్నజీవులు తక్కువగా ఉన్నాయని ధీమా పడకూడదు. రెటీనా మీద తెల్లబడిన చోట్లు, రంగు మారిన నాళాలు అంతకంటే నమ్మదగిన సాక్ష్యం.

ఈ మందు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. పాత మందు క్వినైన్ ప్రధానంగా ఎదిగిన పరాన్నజీవి మీద పనిచేస్తుంది, అంటే చాలా కణాలు అప్పటికే అతుక్కుని ఉంటాయి. ఆర్టిసునేట్ ఉంగరం దశలోనే చంపుతుంది కనుక, కొత్తగా అతుక్కోబోయే కణాల సంఖ్య తగ్గిపోతుంది. తీవ్ర మలేరియాపై ప్రధానంగా ఆసియాలోని పెద్దల మీద జరిగి 2005లో వెలువడిన పరీక్షలో మరణాలు క్వినైన్‌తో 22 శాతం, ఆర్టిసునేట్‌తో 15 శాతం. ఆఫ్రికా పిల్లలపై 2010లో వచ్చిన పరీక్షలో 10.9 శాతం నుంచి 8.5 శాతానికి దిగాయి. క్వినైన్ ఇన్సులిన్‌ను రెచ్చగొట్టి రక్తంలో చక్కెరను పడగొడుతుంది. అసలే ఆకలితో ఉన్న మెదడుకు అది మరో దెబ్బ. ఆ బెడద ఆర్టిసునేట్‌తో తక్కువ.

అయితే ఇప్పటికే అతుక్కున్న కణాలను ఈ మందు వెంటనే విడిపించలేదు, వాపును తీయలేదు. ఇది అందినా మెదడు మలేరియా రోగుల్లో దాదాపు ఐదారుగురిలో ఒకరు చనిపోతున్నారు, బతికిన పిల్లల్లో కొందరికి ఫిట్స్, నేర్చుకోవడంలో ఇబ్బందులు మిగులుతున్నాయి. ఈ లోపాన్ని మందు తయారీదారుల మీద మోపలేం.

ప్యాకింగ్ విషయంలో మాత్రం నాకు ఫిర్యాదుంది. ఒక్కో వయల్ (చిన్న మందు సీసా)లోని 60 మిల్లీగ్రాముల పొడిలో 1 మిల్లీలీటరు సోడియం బైకార్బనేట్ పోసి, మసక పోయి తేటపడేదాకా కలిపి, ఆపై 5 మిల్లీలీటర్ల సెలైన్ గానీ డెక్స్‌ట్రోజ్ గానీ చేర్చాలి. కలిపింది గంటలోపే వాడేయాలి. మోతాదు కిలోకు 2.4 మిల్లీగ్రాములు, 20 కిలోలలోపు పిల్లలకు కిలోకు 3. అంటే 60 కిలోల మనిషికి ఒక్కో మోతాదుకు మూడు వయల్స్, ఫిట్స్‌తో కొట్టుకుంటున్న రోగి పక్కన నిలబడి ఒక్కొక్కటీ రెండు విడతలుగా కలపాలి. ఒకే ద్రావకంతో కలిపే కొత్త రకం వచ్చింది. దొరికే చోట దానికే నా ఓటు. మొదటి మోతాదు, 12 గంటలకు, 24 గంటలకు, ఆపై రోజుకొకటి అన్న క్రమం సులువుగానే గుర్తుంటుంది. రోగి మింగగలిగాక మూడు రోజుల మాత్రల కోర్సు పూర్తిగా ఇవ్వకపోతే జ్వరం తిరగబెడుతుంది, ఎందుకంటే ఆర్టిసునేట్ ఒంట్లో గంటల్లోనే ఖాళీ అవుతుంది.

దుష్ప్రభావాల్లో గమనించాల్సింది ఆలస్యంగా వచ్చే రక్తహీనత. చచ్చిన పరాన్నజీవిని ప్లీహం కణంలోంచి తీసేసి, ఆ కణాన్ని తిరిగి రక్తంలోకి వదులుతుంది. అలాంటి కణాలు ఎక్కువ కాలం బతకవు, అందుకే వారం దాటాక హిమోగ్లోబిన్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. మెదడు తేరుకుని ఇంటికెళ్లిన రోగి మళ్లీ నీరసం అంటే, అది కోలుకునే నీరసమని సరిపెట్టుకోకుండా నాలుగు వారాల దాకా రక్తపరీక్షలు చేయించాలని డిశ్చార్జి కాగితం మీదే రాయాలి.