జీఐ రేకుకు వాష్ ప్రైమర్: నా అనుభవం

భీమిలిలో మా డాబా మీద జీఐ రేకుల (జింకు పూత ఉన్న ఇనుప రేకుల) షెడ్డుకు నిరుడు ప్రైమర్‌గా, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూతగా, రెడాక్సైడ్ కొట్టించి, పైన ఆకుపచ్చ ఎనామిల్ వేయించాను. వానాకాలం దాటకుండానే రంగు అప్పడంలా పొంగింది. గోటితో గీరితే అరచేయంత ముక్క ఊడివచ్చింది. కింద రేకు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది! ఉప్పుగాలి వల్లనే అన్నాడు పెయింటర్. అసలు సంగతి అది కాదు. రెడాక్సైడ్ లాంటి నూనె రంగు నేరుగా జింకు పూత మీద పడితే, రెండింటి మధ్య మెల్లగా సబ్బులాంటి పొర తయారవుతుంది. ఇక రంగుకు పట్టు ఎక్కడిది?

ఈసారి రెండు డబ్బాల వాష్ ప్రైమర్ తెచ్చి నేనే దిగాను. ఒక డబ్బాలో రెసిన్, రెండో దానిలో ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రవం. ఆమ్లం జింకును కొద్దిగా కొరికి రంగుకు పట్టు ఇస్తుంది. గ్లవుజులు, కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి.

నిజానికి ప్రైమర్ కన్నా కడగడానికే ఎక్కువ సమయం పట్టింది. పాత రంగు గీకి, చూరు దగ్గర పేరుకున్న తెల్లటి పొడిని నైలాన్ బ్రష్‌తో తోమి, డిటర్జెంట్ నీళ్లతో కడిగాను. శుభ్రమైందనుకొని చెంబుడు నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్లలా జారిపోయాయి. జిడ్డు ఇంకా ఉందన్నమాట. మూడోసారి కడిగాక నీళ్లు పలుచని పొరలా రేకంతా పరుచుకున్నాయి. అప్పుడు ఆరబెట్టి బ్రష్ పట్టాను.

ఈ ప్రైమర్ పూశాక కూడా కింద రేకు కనిపిస్తూనే ఉంటుంది. చేయి ఊరుకోదు, ఇంకోసారి పూయాలనిపిస్తుంది. నేనూ ఒక మూల మందంగా పూశాను. పలుచగానే పూయాలన్న మాట డబ్బా వెనుక చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ చిట్టచివర ఉంది. ఇంకో ఫిర్యాదు: కలిపినది ఆ రోజే వాడేయాలి. చిన్న ప్యాకు దొరకలేదు, మొత్తం కలిపేశాను, సగం గట్టిపడి చెత్తలోకి పోయింది.

ఎండాక డబ్బాపై సూచించిన రెండో ప్రైమర్, ఆపైన రంగు వేశాను. మూడు నెలల వానల తర్వాత బ్లేడుతో గళ్లు గీసి, సెల్లోటేపు అంటించి, ఒక్కసారిగా లాగాను. తునక కూడా రాలేదు. నేను మందంగా పూసిన మూల మాత్రం టేపుతో పాటే వచ్చేసింది.

ఐదుకు నాలుగు చుక్కలు. గేటు ఇంకా మిగిలే ఉంది. దానికి సగమే కలుపుతాను.